ధైర్యం చెప్పింది చాలు

కడుపుతో ఉన్న మనిషి కనబడితే చాలు, మనలో ప్రతివాడికీ నోరు లేస్తుంది. ధైర్యంగా ఉండమ్మా అంటాడొకడు. నువ్వు భయపడితే బిడ్డకు తగులుతుందంటాడు ఇంకొకడు. మా నాయనమ్మ తొమ్మిదిమందిని ఇంట్లోనే కన్నది, ఏ స్కానింగూ ఎరగదు అని మూడోవాడు మీసం తిప్పుతాడు. ఆ తొమ్మిదిమందిలో ఎందరు ఏడాది దాటి బతికారో మాత్రం చెప్పడు. బెంగళూరులో ఇదే ధైర్యాన్ని ప్యాకేజీ కట్టి అమ్ముతున్నారు: ఊపిరి పీల్చే క్లాసు, యోగా క్లాసు, కడుపులో బిడ్డకు శ్లోకాలు వినిపించే క్లాసు, ఆఖర్న ఫోటో షూటు. పావగడ తాలూకా తిరుమణిలో డబ్బిచ్చి కొనేవాళ్లు లేరు కాబట్టి ఊరికే పంచిపెడుతున్నారు. రెండుచోట్లా సరుకు ఒకటే, మాటలు.

నేను చెప్పదలచింది ఒక్కటే. కాన్పుకు పోయే ఆడమనిషికి ధైర్యం ఒకరు చెప్తే రాదు. ఒంట్లో రక్తం ఎంతుందో తెలిస్తే వస్తుంది. అర్ధరాత్రి నొప్పులు మొదలైతే బండి వస్తుందన్న నమ్మకముంటే వస్తుంది. కాన్పు గదిలో తనవాళ్లొకరు పక్కన నిలబడితే, తనకు తెలిసిన భాషలో ఏం జరుగుతోందో చెప్పేవాళ్లుంటే, కోసే కత్తి శుభ్రంగా ఉందన్న భరోసా ఉంటే వస్తుంది. ఇవన్నీ ఇవ్వాల్సినవాళ్లు ఒక్కటీ ఇవ్వకుండా నీతులు చెబుతుంటే దాన్ని ఓదార్పు అనకూడదు. అది బాకీ ఎగ్గొట్టడం.

ఆడవాళ్లు తమ వంతు ఎప్పుడో తీర్చేశారు. 2005లో జనని సురక్ష యోజన పెట్టి ప్రభుత్వం ఏమంది? ఇంట్లో కనొద్దు, ఆసుపత్రికి రండి, డబ్బు కూడా ఇస్తామంది. 2011లో ఇంకో పథకం పెట్టి మందులు, రక్తం, ఆపరేషను, పోనురాను బండి అన్నీ ఉచితమంది. సరేనని వచ్చారు. తరతరాల అలవాటును ఒక్క తరంలో వదిలేశారు. పురిటి మంచాన్ని, అమ్మను, అమ్మమ్మను ఇంట్లో వదిలి, ముక్కూ మొహం తెలియని మనుషుల ముందు పడుకోవడానికి ఒప్పుకున్నారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కర్ణాటకలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇంత పెద్ద మార్పుకు సిద్ధపడ్డ ఆడవాళ్లను పట్టుకుని ధైర్యం లేదనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?

మరి ఒప్పందంలో రెండో వైపు ఏం జరిగింది? 2018-20 లెక్కల్లో ప్రతి లక్ష కాన్పులకు కర్ణాటకలో 69 మంది తల్లులు చనిపోయారు. తమిళనాడులో 54, ఆంధ్రలో 45, తెలంగాణలో 43, కేరళలో 19. దక్షిణాదిలో అందరికన్నా ఎక్కువ మంది తల్లులను పోగొట్టుకుంటున్నది ఐటీ రాజధాని ఉన్న రాష్ట్రం. తర్వాతి లెక్కలో 69 కాస్తా 63 అయింది, ఆ మొదటి స్థానం మాత్రం పోలేదు.

ఇది దూరపు లెక్క అనుకోవద్దు. 2022 నవంబరు మొదటి వారంలో మన జిల్లా కేంద్రం తుమకూరులోనే, పొట్టకూటికి తమిళనాడు నుంచి వచ్చిన ఒక గర్భిణి నొప్పులతో జిల్లా ఆసుపత్రికి పోయింది. గర్భిణులకిచ్చే తాయి కార్డు లేదు, ఆధార్ లేదు. చేర్చుకోలేదు. వెనక్కి పంపేశారు. ఆమె తన గదికి తిరిగొచ్చి కవలలను కని, ఆ ఇద్దరు పసిగుడ్లతోపాటు ప్రాణం విడిచింది. ఆ తర్వాత సస్పెన్షన్లు వచ్చాయి, మంత్రి వచ్చారు, కాగితాలు లేవని ఎవరినీ వెనక్కి పంపొద్దన్న ఆదేశం వచ్చింది. ఆదేశం అక్కరపడిందంటేనే అర్థం చేసుకోవాలి, అంతదాకా ఎంతమందిని పంపేసి ఉంటారో.

2024 ఫిబ్రవరిలో సాక్షాత్తూ పావగడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్లు చేయించుకున్న ముగ్గురు స్త్రీలు రోజుల తేడాలో చనిపోయారు. అందులో కాన్పు ఆపరేషను ఉంది, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనూ ఉంది. పనిముట్లు సరిగా శుభ్రం చేయలేదన్న ఆరోపణ బయటికొచ్చింది, డాక్టరుపైనా సిబ్బందిపైనా చర్య తీసుకున్నారు. అదే ఏడాది నవంబరులో బళ్లారిలో సిజేరియన్ అయిన బాలింతలు ఒకరి వెనక ఒకరు రాలిపోయారు. నరానికెక్కించిన రింగర్స్ లాక్టేట్ అనే సెలైను మీద అనుమానం వచ్చింది. రాష్ట్రం ఉలిక్కిపడి లెక్క తీయించింది: ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా తొమ్మిది నెలల్లో 464 మంది తల్లుల మరణాలు. నూటికి 70కి పైగా ఆపగలిగినవే అని ఆరోగ్య మంత్రి దినేశ్ గుండూరావు స్వయంగా ఒప్పుకున్నారు.

ఆపగలిగినవే! ఆ 464 మందిలో ఒక్కరైనా ధైర్యం చాలక చనిపోయారా? నెత్తురు పోయి, బీపీ లేచి, చీము పట్టి, మందు కల్తీ అయి, బండి ఆలస్యమై చనిపోయారు. ఇందులో ఏ ఒక్కదానికీ గర్భిణి గుండెదిటవుతో పనిలేదు.

ఈ పావగడ తాలూకాలోనే ఒక పెద్దావిడ ఉండేది. సూలగిత్తి, అంటే మంత్రసాని, నరసమ్మ. ఊరు కృష్ణాపురం, ఇంట్లో మాట తెలుగు, బడి మొహం చూడలేదు. పన్నెండో ఏట పెళ్లయింది. మంత్రసాని పని అవ్వ మరిగెమ్మ దగ్గర నేర్చుకుని, 1940లో ఇరవయ్యేళ్ల వయసులో మొదటి కాన్పు చేసింది. ఊళ్లోకి వచ్చే సంచార జాతుల దగ్గర మందులు తెలుసుకుంది. డెబ్బయ్యేళ్లలో 15,000కు పైగా కాన్పులు చేసింది, ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. తుమకూరు విశ్వవిద్యాలయం 2014లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడాది డిసెంబరు 25న తొంభై ఎనిమిదేళ్ల వయసులో కన్నుమూసింది.

నరసమ్మను దేవతను చేసి, పాతకాలమే బంగారమని పాట పాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆవిడ పన్నెండుమందిని కంటే నలుగురు చిన్నప్పుడే పోయారు. అంతటి మంత్రసాని ఇంట్లోనే అలా జరిగిందంటే మిగతా ఇళ్ల సంగతి చెప్పక్కర్లేదు. రక్తం ఆగకపోతే ఎక్కించడానికి సీసా లేని కాలం అది. బిడ్డ అడ్డం తిరిగితే దారి లేని కాలం. ఆ కాలానికి తిరిగి పోదామనేవాడు ఆడవాళ్లకు శత్రువు. ఇంట్లో కనండి, ప్రకృతే చూసుకుంటుందని పట్నంలో కూర్చుని ఉపదేశించేవాడు తిరుమణికొచ్చి ఎండాకాలం అర్ధరాత్రి ఒక్క కాన్పు చూడాలి, ఆ తర్వాత మాట్లాడాలి.

కానీ నరసమ్మ చేసిన పనిలో ఒక సగం ఉంది, దాన్ని ఆసుపత్రి ఇప్పటికీ నేర్చుకోలేదు. ఆవిడ నొప్పులు పడే మనిషిని ఒక్కదాన్నే వదిలేది కాదు. నడవనిచ్చేది, తాగనిచ్చేది, చెయ్యి పట్టుకునేది, తెలుగులో మాట్లాడేది. కడుపు తడిమి బిడ్డ తల ఎటుందో చెప్పగలిగేదని ఎరిగినవాళ్లంటారు. ఆ విద్యకు మనం శాలువా కప్పాం, బిరుదిచ్చాం, ఫోటో దిగాం. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లున్నారు. ఆ నేర్పును శాస్త్రంతో కలిపి, చదువు చెప్పి, జీతమిచ్చి, తాలూకా ఆసుపత్రిలో కుర్చీ వేసి కూర్చోబెట్టే పని మాత్రం ఎవ్వరూ చెయ్యలేదు. పద్మశ్రీ ఇచ్చినంత తేలిగ్గా ఒక పోస్టు మంజూరు కాదు మరి.

ఇప్పుడు కాన్పు గది తలుపు తెరవండి. ఏ ఒక్క ఆసుపత్రి పేరూ నేను చెప్పను, ఎందుకంటే ఇది ఏ ఒక్క ఆసుపత్రి జబ్బూ కాదు. మొగుడి దగ్గరికి పోయేటప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా అనే మాట వినని తల్లి ఎక్కడుందో చూపించండి. అరిస్తే తొడ మీద చరిచే చెయ్యి. వెల్లకిలా కదలకుండా పడుకోమనే హుకుం. చెప్పాపెట్టకుండా వేసే కోత. పొట్ట మీద ఎక్కి నొక్కే ఆయా. బయట వరండాలో అమ్మ, లోపల గోడకేసి చూస్తూ కూతురు. ఆ గదిలో ఇరవై ఏళ్ల పిల్ల నేర్చుకునే మొదటి పాఠం, ఈ ఒళ్లు నాది కాదు అని. బయటికొచ్చాక చెల్లెలికి చెబుతుంది. ఆ చెల్లెలు తన కాన్పు నాటికి మందు కన్నా ముందు భయాన్ని ఒంటికి ఎక్కించుకుని వస్తుంది.

శాస్త్రం ఏమంటోంది? 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు సమయపు సేవల మీద సూచనలిచ్చింది. నొప్పుల్లో తనకు నచ్చిన మనిషిని తోడు ఉంచుకోనివ్వాలంది. నడవనివ్వాలి, తనకు వాటమైనట్టు కూర్చోనివ్వాలి, ప్రమాదం లేనివాళ్లను తిననివ్వాలి, తాగనివ్వాలి అంది. అందరికీ కోత వెయ్యకూడదంది. పొట్ట నొక్కకూడదంది. గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత లెక్క చాలామందికి వర్తించదంది. తొలి కాన్పులో అయిదు సెంటీమీటర్లు దాటాక కూడా పన్నెండు గంటల దాకా పట్టొచ్చు, తల్లీబిడ్డా బాగుంటే తొందరపెట్టొద్దంది. చదివితే నవ్వొస్తుంది, ఏడుపొస్తుంది. తోడు, నడక, నీళ్లు, ఓపిక: జెనీవాలో కూర్చున్న నిపుణులు కాగితం మీద పెట్టిన ఈ నాలుగూ కృష్ణాపురంలో చదువురాని మనిషి చేతుల్లో ఉండేవి.

జెనీవా దాకా ఎందుకు? మన కేంద్ర ఆరోగ్య శాఖే 2016 ఫిబ్రవరిలో కాన్పు గదిలోకి ఒక ఆడతోడును అనుమతించాలని మార్గదర్శకాలిచ్చింది. 2017 డిసెంబరులో లక్ష్య అనే కార్యక్రమం పెట్టి తల్లికి గౌరవం, చాటు, తోడు ఉండాలంది. ఆ తోడు కాన్పయిన స్త్రీ బంధువైతే మేలని 2016 కాగితంలోనే రాసింది. ఆ కాగితం వచ్చి ఇన్నేళ్లయింది. అమ్మా, నీ కూతురితోపాటు లోపలికి పోయే హక్కు నీకుందని తిరుమణిలో ఏ తల్లికైనా ఎవరైనా చెప్పారా? తోడుకు బిల్డింగు కట్టక్కర్లేదు, మెషీను కొనక్కర్లేదు, ఢిల్లీ నుంచి నిధులు రానక్కర్లేదు. తెర కావాలి, స్టూలు కావాలి, మనసు కావాలి. పైసా ఖర్చులేని దాన్నే ఇవ్వలేనివాళ్లు కోట్ల ఖర్చయ్యేవి ఇస్తామంటే నేను నమ్మను.

ఇక తిరుమణి సంగతి. ఈ ఊరి పేరు దేశమంతా మోగింది ఎండ వల్ల. 2018 మార్చి 1న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య సోలార్ పార్కును ప్రారంభించారు. తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు, బాలసముద్రం, క్యాతగానచెర్లు అయిదు ఊళ్ల భూమి, సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. భూమి ఉన్నవాళ్లకు ఎకరాకు ఏటా ₹21,000 కౌలు మొదలైంది. భూమి లేని ఇళ్లలో ఆడవాళ్ల సంగతి వేరే. శెనక్కాయ చేలో కలుపు పోయింది, పీకుడు పోయింది, ఒలుపుడు పోయింది. మేతబీళ్లు కంచెల లోపలికి పోయాయి, మేకలు, పాడి తగ్గాయి. పలకల కింద గడ్డి కోసే పని, పలకలు కడిగే పని కొందరికి దొరికింది. మిగిలినవాళ్లు బెంగళూరు బస్సెక్కారు.

కాన్పు గురించి మాట్లాడుతూ సోలారు గొడవ ఎందుకంటారా? కాన్పుకు సన్నాహం తొమ్మిదో నెలలో సంచి సర్దడంతో మొదలుకాదు కాబట్టి. అది నెల తప్పకముందే, ఆడపిల్ల కంచంలో మొదలవుతుంది. దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, నూటికి 52 మంది, రక్తహీనులు. రక్తం తక్కువున్న మనిషికి కాన్పులో అర లీటరు నెత్తురు పోతే అది ప్రాణం మీదికొస్తుంది. ఒంట్లో నిండుగా ఉన్న మనిషి అదే నష్టాన్ని తట్టుకుని లేస్తుంది. చేలో కూలికి పోయినప్పుడు ఒళ్లో పోసుకొచ్చిన శెనక్కాయలు, ఇంటి మేక పాలు, గట్టు మీద ఆకుకూర, ఇవి ఏ రిజిస్టరులోనూ లేని మందులు. అవి పోయిన చోట ఏం పెట్టారు? 2017 అక్టోబరు 2న కర్ణాటక మాతృపూర్ణ పెట్టింది, గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో రోజూ మధ్యాహ్నం భోజనం. ఆలోచన మంచిదే. బెంగళూరులో అంతస్తుల మీద ఇటుకలు మోసే తిరుమణి కోడలికి ఆ భోజనం ఎవరు మోసుకెళ్లి పెడతారు?

నీళ్ల మాటా చెప్పాలి. పావగడ బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉందని మూడు తరాల పళ్లు చెబుతాయి, వంగిన మోకాళ్లు చెబుతాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే హానే. ఢిల్లీలో ఫ్లోరోసిస్ మీద జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్త ఎ.కె. సుశీల బృందం 2010లో ఒక సంగతి బయటపెట్టింది: ఐరన్ మాత్రలు మింగుతున్నా రక్తం పెరగని గర్భిణుల్లో, నీళ్లూ తిండీ ద్వారా వచ్చే ఫ్లోరైడును తగ్గించి, పాలు, కూరలు, పండ్లు పెంచితే హిమోగ్లోబిన్ పెరిగింది, తక్కువ బరువు బిడ్డలు తగ్గారు. ఫ్లోరైడు పేగును దెబ్బతీస్తుంది, తిన్నది ఒంటికి పట్టనివ్వదు. మరి ఈ తాలూకాలో మాత్రలు వేసుకున్నా రక్తం రాని పిల్లను పట్టుకుని, నువ్వు మాత్రలు పారేస్తున్నావు అని గద్దించేముందు ఆమె ఏ నీళ్లు తాగుతోందో ఎవరైనా అడిగారా? ఇంట్లో ఫిల్టరు నీళ్ల బిందె ఒక్కటే ఉంటే అది ముందు ఎవరి చెంబులోకి పోతోంది?

ఇంకో చిక్కు ఈ గడ్డకే ప్రత్యేకం. పావగడకు మూడు వైపులా ఆంధ్ర. తిరుమణి కోడళ్లలో మడకశిర వైపు నుంచి, కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చినవాళ్లుంటారు. వాళ్లకు కన్నడం చదవడం రాదు. తాయి కార్డు కన్నడంలో ఉంటుంది. తన రక్తం ఎంతో, బీపీ ఎంతో, బిడ్డ బరువెంతో రాసిన కాగితాన్ని ఆ పిల్ల తొమ్మిది నెలలు సంచిలో మోస్తుంది, చదవలేదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి ఏడో నెలలో సరిహద్దు దాటుతుంది. అక్కడ కొత్త ఆశా, కొత్త నర్సు, కొత్త కార్డు. ఇక్కడి పుస్తకంలో ఆమె లేదు, అక్కడి పుస్తకంలో ఇంకా ఎక్కలేదు. ఆ రెండు పుస్తకాల మధ్య గీసిన గీత మీద ఆమెకు నొప్పులు రావొచ్చు. తుమకూరు సంగతి చూశాక కార్డు కాగితమే కదా అని ఎవరూ అనలేరు. సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని జిల్లా కేంద్రానికి పంపాలా, దగ్గరున్న హిందూపురానికి పంపాలా అని తేల్చుకోవడం ఆ రాత్రి అత్తమామల నెత్తిన పడకూడదు. రెండు జిల్లాల కలెక్టర్లు పగటిపూట ఒక బల్ల దగ్గర కూర్చుని తేల్చాలి.

ఈ లోటును చూసి లాభపడేవాడు ఒకడున్నాడు, ప్రైవేటు కత్తి. భయపడ్డ మనిషి కన్నా మంచి ఖాతాదారు ఎవరు? తెలంగాణలో అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం నూటికి 60 కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో 81. ఆంధ్రలో 42, కర్ణాటకలో 31. సిజేరియన్ ప్రాణం నిలబెట్టే గొప్ప ఆపరేషను, అక్కరపడినప్పుడు నిమిషం ఆలస్యం చెయ్యకూడదు. నూటికి 81 మందికి అక్కరపడిందంటే తెలుగు ఆడవాళ్ల ఒళ్లు రాత్రికి రాత్రే మారిపోయి ఉండాలి. మారింది ఒళ్లు కాదు, బిల్లు. పంచాంగం చూసి ముహూర్తానికి కోయించుకునే చదువుకున్నవాళ్లూ ఈ పాపంలో భాగస్థులే. నొప్పంటే భయపెట్టి, ఆ భయానికి మందుగా కోతను అమ్మి, దానికి ఆధునికత అని పేరు పెట్టుకున్నాం.

దారి లేక కాదు. పక్కనే శ్రీలంక ఉంది. అక్కడ 1926లో కళుతరలో ఆరోగ్య కేంద్రం పెట్టి, చదువు చెప్పిన మంత్రసానులను ఊళ్లలో నిలబెట్టడం మొదలుపెట్టారు. 1930లలో లక్ష కాన్పులకు రెండు వేలమందికి పైగా తల్లులు చనిపోయిన ద్వీపంలో ఇప్పుడు ఆ సంఖ్య నలభై లోపే. అది ధనిక దేశమై చెయ్యలేదు. మన తెలుగు నేలలోనే 2017లో కరీంనగర్‌లో తెలంగాణ ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ కలిసి నర్సులకు పద్దెనిమిది నెలల మంత్రసాని శిక్షణ మొదలుపెట్టాయి. హైదరాబాదులో డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ అంతకుముందు నుంచే ఈ పని చేస్తున్నారు. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మంత్రసాని సేవల మార్గదర్శకాలిచ్చింది. అదే నెలలో నరసమ్మ వెళ్లిపోయింది. ఆవిడ తాలూకాకు ఆ కాగితం ఎప్పుడు చేరుతుంది?

నెత్తురు ఆపే సంగతి ఇంకా విచిత్రం. కాన్పయ్యాక తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటు పరిచి, ఎంత నెత్తురు పోతోందో కంటి అంచనా మీద వదిలెయ్యకుండా కొలిచి, గీత దాటిన వెంటనే మందులన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్ర రక్తస్రావం నూటికి 60 వంతులు తగ్గిందని 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల అధ్యయనం తేల్చింది. ప్లాస్టిక్ షీటు! 2,050 మెగావాట్లు నిలబెట్టగలిగిన చోట ఒక ప్లాస్టిక్ షీటు పరచలేమా?

ఇంటివాళ్లను వదిలేస్తాననుకోకండి. అత్తమ్మా, బాలింతకు నీళ్లు తగ్గించే పథ్యం మానెయ్యండి, ముర్రుపాలు పిండి పారబొయ్యడం మానెయ్యండి, పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు అందించండి. ఏమయ్యా పెనిమిటీ, నీ పెళ్లాం రక్తం గ్రూపు చెప్పు చూద్దాం. తెలియదు. బండి నంబరు తెలుసు, ఐపీఎల్ స్కోరు తెలుసు. అదే గ్రూపున్నవాళ్లు ఊళ్లో ఇద్దరు ఎవరో ఏడో నెలకే కనుక్కో. ఏ ఆసుపత్రి, ఏ బండి, చేతిలో ఎంత డబ్బు, పెద్దపిల్ల ఎవరి దగ్గర అన్నది ముందే తేల్చు. పద్దెనిమిది నిండకుండా పిల్లకు పెళ్లి చేసే నాయనా, ఈ రాష్ట్రంలో అయిదుగురిలో ఒకరికి అలానే అవుతోంది, ఆ పిల్ల కాన్పు ప్రమాదానికి ముహూర్తం పెట్టినవాడివి నువ్వే.

సీమంతం బాగా చేస్తాం. గాజులు, పూలు, చలిమిడి, పాటలు. ఊళ్లో ఆడవాళ్లంతా ఒకచోట చేరే ఆ రోజునే చెప్పండి: తల పగిలేట్టు నొప్పి, చూపు మసకబారడం, మొహం చేతులు వాయడం, నెత్తురు కనబడటం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, జ్వరం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోను చెయ్యండి అని. ఫోలిక్ యాసిడ్ మాత్ర నెల తప్పకముందే మొదలుపెట్టాలని, ఐరన్ మాత్రను టీతో మింగకూడదని, ఎడమవైపు తిరిగి పడుకుంటే మేలని చెప్పండి. నొప్పులు రావడమంటే ఏదో చెడిపోవడం కాదని, గర్భసంచి పని చేస్తోందని, ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య ఒళ్లు వదులు చేసి ఊపిరి తీయాలని, కన్న తల్లులు కనబోయే పిల్లకు విడమరిచి చెప్పండి. కాన్పు కథలంటే చావు కథలే అన్న అలవాటు ఆ పేరంటంలోనే తెగిపోవాలి.

ఆశా అక్కలకు మాత్రం నేను ఒక్క మాట అనను. ఈ మొత్తం బరువు వాళ్ల చెప్పుల మీద నడుస్తోంది. 2025 జనవరి చలిలో వాళ్లు బెంగళూరు ఫ్రీడం పార్కులో రాత్రింబవళ్లు కూర్చుంటే గానీ నెలకు పది వేలన్న హామీ రాలేదు. ఊరి తల్లుల ప్రాణానికి పూచీ పడే మనిషికి పది వేలు బేరమాడిన ప్రభుత్వం మాతృత్వం గురించి ఉపన్యాసాలివ్వడం మానుకోవాలి.

కాబట్టి తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం ఆడవాళ్లారా, వచ్చే గ్రామసభకు మగవాళ్లను పంపి ఊరుకోకండి, మీరు పోండి. అయిదు ప్రశ్నలు అడగండి. పావగడ ఆసుపత్రి కాన్పు గదిలోకి మా అమ్మనో అక్కనో వదినెనో ఎప్పటి నుంచి రానిస్తారు? శిక్షణ పొందిన మంత్రసాని నర్సు పోస్టు ఈ తాలూకాకు ఎప్పుడు వస్తుంది? తాయి కార్డు తెలుగులో ఎప్పుడిస్తారు, సరిహద్దు అవతలి ఆసుపత్రితో రాతపూర్వకంగా ఎప్పుడు మాట్లాడుకుంటారు? గడిచిన ఏడాది ఈ తాలూకాలో ఎంతమంది తల్లులు చనిపోయారు, ఏ కారణంతో, పేర్లు తీసేసి ఆ విచారణ నివేదికను పంచాయతీ గోడ మీద ఎప్పుడు అంటిస్తారు? మా ఎండ అమ్ముకునే కంపెనీలు చట్టప్రకారం సమాజానికి ఖర్చు పెట్టాల్సిన డబ్బులోంచి గర్భిణి ఉన్న ప్రతి ఇంటికీ ఫ్లోరైడు లేని నీళ్లు, ఆసుపత్రిలో రక్తం నిల్వ ఎప్పుడు ఏర్పాటు చేయిస్తారు?

ప్రతి ప్రశ్నకూ తేదీ అడగండి. చూస్తాం, చేస్తాం, పైకి రాశాం అంటే ఒప్పుకోకండి. తేదీ చెప్పేదాకా హాజరు పుస్తకంలో ఒక్క సంతకం, ఒక్క వేలిముద్ర పడనివ్వకండి. కోరం లేని సభలో తీర్మానాలు పాస్ కావు. తల్లి ప్రాణం ఆగినప్పుడు ఆగని ఫైళ్లు అప్పుడు ఆగుతాయి, అప్పుడు మీ దగ్గరికే నడిచొస్తారు.